కర్నల్‌లో ఖోట్

కందిపప్పు డబ్బా దించినప్పుడల్లా అందులో పప్పు కంటే ఎక్కువ బరువు ఉన్నట్టు అనిపిస్తుంది. ఎందుకో ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

కంచన్‌బాగ్ దిక్కు ఒక ఆఫీసులో ఊడ్చి, చాయ్ అందించేదాన్ని. ఇంటాయన పోయాక నాకు ఆ పని ఇప్పించింది అక్కడి కావలివాళ్ళ మీద పెద్ద, కర్నల్ సాబ్. కంప్యూటర్ దగ్గర శారద అనే పిల్ల పనిచేసేది. ఒక మధ్యాహ్నం ఆమె, ఆఫీసు పెద్దసారు బల్ల మీది ట్రేలో ఒక కాగితం పెట్టి నాతో అన్నది.

"అవ్వా, దీన్ని కదిలియ్యకు. కర్నల్‌ల ఖోట్ ఉంది. సారుకు తెల్వాలె."

"ఏం ఖోట్ బిడ్డా? ఏం లోపం?"

"అడిగే తీరుగ అడుగుతే చాలు, తాళాలన్నీ ఎవరికన్న ఇచ్చుడే."

"లంచం తిన్నట్టా?"

పకపకా నవ్వింది. "గట్లనే అనుకో."

నాకు అన్నం చూపించిన మనిషి మీద చాడీ అనుకున్నాను. నా చదువు రెండో తరగతి, ఇంగ్లీషు ముక్క రాదు. ఆమె అటు పోగానే కాగితం మడిచి కొంగున దోపుకున్నాను. ఇంటికి తెచ్చి పొయ్యిలో పెడదామంటే వెనక దిక్కు తెల్లగా ఉంది. అలాంటి కాగితం కాల్చడానికి నాకు చెయ్యి రాలేదు. పప్పు డబ్బా అడుగున పరిచాను.

నెల తిరగకముందే శారద కనిపెట్టిన ఆ లోపంలోంచే ఎవరో కంప్యూటర్‌లోకి దూరి, అందరూ నెలల తరబడి చేసిన పని తుడిచేశారు. విచారణ జరుగుతుంటే చాయ్ తీసుకుపోయాను. పెద్దసారు కర్నల్ సాబ్‌తో అంటున్నాడు. "కర్నల్ అంటే మీరు గాదు సాబ్. కంప్యూటర్ మిషన్ లోపటి గింజను గూడ ఇంగ్లీషుల కర్నల్ అంటరు. అన్నీ నడిపేది గదే. గది పుచ్చింది."

అందరూ నవ్వారు. శారద రాసింది సాబ్ మీద చాడీ కాదని నాకు అప్పుడు తెలిసింది.

ముందే ఎందుకు చెప్పలేదని శారదను నిలదీశారు.

"రాసి ట్రేల పెట్టిన సార్. అవ్వను అడుగుండ్రి."

"నేను ఏ కాయితం చూడలే సాబ్."

ఆమె ఉద్యోగం పోయింది.

కాగితం తీసింది తెలియక. మరి ఆ అబద్ధం? తెలిసే ఆడాను. నౌకరీ పోతుందనా? అదీ ఉంది. కానీ అంతకంటే, ఆ నవ్వు నా మీదికి తిరుగుతుందని భయపడ్డాను. నవ్వుకు భయపడి ఒక పిల్ల నోటికాడి ముద్ద తీశాను. మర్నాడైనా తెచ్చి ఇవ్వవచ్చు కదా, ఇంట్లోనే ఉంది కదా? రోజూ పప్పులో పుచ్చు ఏరాను. దాని కింద చెయ్యి పెట్టలేదు.

ఇవాళ పప్పు చాటలోకి ఒంపి దాన్ని బయటికి తీశాను. పచ్చబడింది, ఆమె రాత మాత్రం చెదరలేదు. వెనక ఆ ఖాళీ దిక్కునే, కూడబలుక్కుంటూ, ఇది రాస్తున్నాను.

తిప్పి చూడండి. ఆ పిల్ల ముందే రాసి పెట్టింది.