రెండంగుళాల ఊపిరి

ఆ సభ గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. యాభైల మొదట్లో, మా కొల్లేటి లంకలో బడి ముందు పందిరి వేసి, చనిపోయిన నా స్నేహితుడికి సంతాపసభ పెట్టారు. కొరియా యుద్ధానికి మన దేశం పంపిన వైద్యదళంలో వాడు స్ట్రెచర్లు మోసేవాడు. గాయపడ్డవాణ్ణి మోసుకొస్తుండగా మీద ఫిరంగి గుండు పడింది. వాడికి ఇరవై ఏళ్లు. శవం కూడా రాలేదు. ఏలూరు నుంచి పడవలో వచ్చిన పెద్దమనిషి వాడి పేరు రెండుసార్లు తప్పు పలికి, "ధన్యజీవి" అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడం తేలికే. నా సంగతి చెప్పడమే కష్టం.

మిలిటరీలో చేరుదామన్నది నేను. వాడికి దోనె, వల, అమ్మ ఉంటే చాలు. "ఈ బురదలోనే చస్తావా, పిరికి వెధవా" అని వెక్కిరించి, తాడేపల్లిగూడెం లాక్కెళ్లాను. అక్కడో రైసుమిల్లు ఆవరణలో చొక్కాలు విప్పించి వరసలో నిలబెట్టారు. ఊపిరి పీలిస్తే ఛాతీ రెండంగుళాలు పెరగాలి. నా ముందున్నవాడు, యుద్ధానికెళ్లొచ్చిన వాళ్లన్నకి రెండు కాళ్లూ లేవని చెప్పాడు. టేపు నా చుట్టూ పడేసరికి నేను ఊపిరి పీల్చలేదు. పీల్చినట్టు భుజాలు ఎగరేశానంతే. పనికిరాడన్నారు.

నా వెనకే వాడు నెగ్గాడు. బయటికొచ్చి ఏడుపు మొహం పెట్టాడు.

"నువ్వు లేకుండా నేనెళ్లన్రా."

"ఎళ్లరా బాబూ. వచ్చే నెల మళ్లీ కొలతకొస్తాను. ఎనకే వచ్చేస్తాగా."

నమ్మాడు. నేను మళ్లీ ఆ ఛాయలకి పోలేదు. ఏలూరులో గుమాస్తాగా కుదురుకున్నాను.

సభలో, స్నేహితుణ్ణని నన్నూ మాట్లాడమన్నారు. "నాకూ వెళ్లాలనే ఉండేదండీ. ఊపిరి చాల్లేదని తీసుకోలేదు" అన్నాను. గొంతు కాస్త వణికించాను కూడా.

ముందు వరసలో వాళ్లమ్మ లేచింది. చిన్నప్పటి నుంచీ నేను పిన్నీ అని పిలిచే మనిషి.

"ఊపిరి చాల్లేదా? ఏరా అబ్బాయ్, నీళ్లలో మునిగితే కొరమేను చేతికి చిక్కేదాకా తేలేవోడివి కాదు కదరా. నీకంటే ముందు మావోడే రొప్పుకుంటా పైకొచ్చేవోడు. ఆడికి చాలిన ఊపిరి నీకెందుకు చాల్లేదు?"

ఆవిడకి కావలసింది ఆ ఒక్క జవాబే.

"ఆ రోజు జ్వరం పిన్నీ" అన్నాను.

"జ్వరమా? ఆ పొద్దున నా ఇంట్లో చద్దన్నం రెండు మాట్లు ఏయించుకు తిన్నావు!"

"ఊరుకోండమ్మా, పెద్దలున్నారు" అని ఎవరో కసిరారు. ఇద్దరు భుజాలు పట్టి ఆవిణ్ణి కూర్చోబెట్టారు. కొడుకుని పోగొట్టుకున్న తల్లిని, ఆ కొడుకు కోసం పెట్టిన సభలోనే మాట్లాడనివ్వలేదు. నేను ఒక్క మాట చెబితే ఆవిణ్ణి వదిలేసేవాళ్లు. చెప్పలేదు. దేశభక్తి గురించి మరో నాలుగు ముక్కలు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఆవిడ నన్నే చూస్తుండగా, వెళ్లి ఆ పెద్దమనిషి పక్కన కూర్చున్నాను.