రక్తపింజర, మా బావ పాఠం

మా బావ పోయాడని పోయిన నెల కదిరి బస్సు డ్రైవరు మా ఊరు నల్లమాడలో దిగి చెప్పాడు. గుండె ఆగిపోయిందట. మా అక్క మొగుడు, కదిరి హైస్కూల్లో సైన్సు అయ్యవారు. మంచివాడని రాయడానికే కూర్చున్నాను. మంచివాడే. అయినా నా కడుపు మండుతోంది.

సెలవులకు వస్తే మా చేని గట్టున శెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవాడు. నోట్లో నాలుగు గింజలు పడితేగానీ మాట మొదలయ్యేది కాదు.

"పాముకు విషం యాడిదనుకున్నావప్పా? ఎంగిలే. తరతరాలుగా మారి మారి విషమైంది. తల్లిలో ఉండేదే పిల్లకొస్తాది. యాడో ఒక పిల్ల కొంచెం మారి పుడతాది, ఆ మార్పు నిలిచిపోతాది. అందుకే నాగుపాము విషం ఊపిరి ఆపుతాది, రక్తపింజర విషం నెత్తురు గడ్డకట్టనీదు. ఒకే జాతైనా సీమ మారితే విషం మారతాది."

పాము విషం దేవుడి శాపమనుకునే నాకు కళ్ళు తెరిపించిన మనిషి ఆయనే. చివర ఎప్పుడూ ఒకటే మాట: "మంత్రగాని గడప తొక్కొద్దు. సూదిమందే దిక్కు."

నా పెండ్లాన్ని కళ్ళంలో పింజర కరిచింది. మంత్రగాని దగ్గరికే పోదామన్నాడు నాయన. అప్పటికి మా ఊరికి బస్సు లేదు. బావ మాట పట్టుకుని కదిరి ఆస్పత్రికి బండి తోలాను. సూది వేశారు. చిగుళ్ళ నుంచి నెత్తురు ఆగలేదు. అక్కడే పోయింది. ఊరంతా నన్ను తిట్టింది. నేను బావను ఒక్క మాట అనలేదు.

బావ దినాలకు మా ఊరి మంత్రగాడు వచ్చాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"మీ ఆడమనిషి పోయిన మరుసటేడు మీ అయ్యోరు నా కాడికొచ్చినాడప్పా. బిడ్డకు పురుగు ముట్టిందని."

మా వైపు అలాంటప్పుడు పామని పేరెత్తరు. కబురు తెచ్చినవాడి చెంప మీద మంత్రగాడు కొడితే, అక్కడ కరిపించుకున్నవాళ్ళకు విషం దిగుతుందని నమ్మకం.

"కొట్టినా. ఇంకోటి కొట్టమన్నాడు. ఆస్పత్రికి పోలేదా అయ్యోరా అంటే, ఆ మందు యాడి పాముల విషంతో చేసిందో, మన పింజరకు సరిపోతాదో లేదో అన్నాడు."

మేనకోడలు బతికింది. ప్రతి కాటులోనూ విషం ఒంట్లోకి ఎక్కదని నాకు చెప్పింది బావే. కాబట్టి చెంపదెబ్బ గొప్పేమీ లేదు. నా బాధ అది కాదు. ఆ అనుమానం నాకెందుకు చెప్పలేదు? నా ఇంటి చావు చూసి నేర్చుకున్నది నా దగ్గరే దాచాడు. సీమ మారితే విషం మారుతుందని ముందే తెలిసినవాడు, మందు సంగతీ అప్పుడే చెప్పి ఉంటే? అయినా కదిరికే తోలేవాణ్ణేమో. కానీ తెలిసి తోలేవాణ్ణి. నన్ను మోసం చేశావు బావా.

గట్టున కూర్చున్న బావ ఇప్పుడు ఎంత తలచుకున్నా కళ్ళ ముందుకు రావడం లేదు. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని, మంత్రగాని ముందు రెండో చెంప తిప్పుతున్న మనిషే కనిపిస్తున్నాడు.