వరస కలిపి గరిటె ఇచ్చారు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అంటారు. ఉంటే ఉంటుంది. ఆ యూటా ప్రయాణంలో నా స్థానంలో ఎవరున్నా వాళ్ల ముక్కు మీదికీ వచ్చేది.

పెళ్లయ్యాక నేను ఒక్కదాన్నే వెళ్లిన మొదటి ప్రయాణం అది. పిల్లల్ని మా ఆయనకు అప్పజెప్పి, ఆఫీసులో వారం సెలవు పెట్టి, మా ఊరు ఆష్‌బర్న్ నుంచి విమానమెక్కి లాస్ వేగస్‌లో దిగాను. అక్కణ్నుంచి పెద్ద వ్యాన్‌లో యూటా ఎడారి అంతా తిరగడం, రాత్రిళ్లు టెంట్లలో పడుకోవడం. ఆరుగురం, అందరం తెలుగువాళ్లమే, వాట్సాప్ గ్రూపులో కలిసినవాళ్లం. నాకు కావలసింది ఒక్కటే. అక్కడి ఎర్ర రాతి లోయ అంచున నిలబడి సూర్యోదయం చూడాలి, ఆ వేళకు నా చేతిలో గరిటె ఉండకూడదు. ఏళ్ల తరబడి నాకు తెల్లవారేది స్టవ్ ముందే. అందుకే ముందుగానే వంట సంగతి అడిగాను. అందరం వంతులవారీగా చేసుకుందామని ట్రిప్ పెట్టిన పెద్దమనిషే హామీ ఇచ్చాడు.

అతనిది వరంగల్ వైపు. నాకంటే ఆరేళ్లే చిన్న. నెత్తి మీద జుట్టు మాత్రం నాకంటే చాలా తక్కువ. ఈ వివరం ఊరికే చెప్పడం లేదు.

మొదటి సాయంత్రం వంతు అతనిదే. అట్టపెట్టెలోంచి కరెంటు రైస్ కుక్కర్ తీసి పిక్నిక్ బల్ల మీద పెట్టి, ప్లగ్ కోసం చెట్ల మొదళ్లన్నీ వెతికాడు. టెంట్ వేసుకునే చోట కరెంటు ఉండదని ట్రిప్ పెట్టినవాడికే తెలియదు! వ్యాన్‌తో పాటు ఇచ్చిన చిన్న గ్యాస్ స్టవ్, గిన్నెలు ఉన్నాయి. వాటి వంక అందరూ పామును చూసినట్టు చూస్తున్నారు. చూడలేక నేనే లేచి, ఎసరు పెట్టి, గంజి వార్చి అన్నం వండాను.

మాలో అందరికంటే చిన్నది, ఎమ్మెస్ చదువుతున్న విజయవాడ పిల్ల. ఆవకాయ కలుపుకుని ఒక ముద్ద తిని, "ఆంటీ, అచ్చం మా ఇంట్లో తిన్నట్టే ఉంది" అంది. ఆ పిల్లకు ఇరవై మూడు. తను అంటే నాకేం బాధ లేదు. కానీ అంతదాకా పేరు పెట్టి పిలిచిన మగవాళ్లంతా ఆ మాట పట్టుకుని అప్పటికప్పుడే నన్ను ఆంటీని చేసేశారు, ఆ ట్రిప్ పెట్టిన బాలుడితో సహా.

పిలిస్తే పిలిచారు, పోనీ అనుకున్నాను. ఆంటీ అంటే ఉత్త పిలుపు కాదని, అదో ఉద్యోగమని మర్నాడు తెలిసింది. కాఫీ ఆంటీ పెడితేనే బాగుంటుంది. ఉల్లిపాయలు ఆంటీ తరిగితేనే సన్నగా వస్తాయి. మధ్యాహ్నం వాళ్లంతా రాతి గుట్ట ఎక్కి ఫోటోలు దిగుతుంటే నేను కింద కూర్చుని, గాలికి ఎర్ర దుమ్ము పడకుండా పులిహోర గిన్నె మీద మూత అదిమి పట్టుకున్నాను. వంతుల సంగతేమైందని అడిగితే, నా చేతి వంట తిన్నాక తమ వంట ఎవరు తింటారని నవ్వారు. ఆహా, ఏం పొగడ్త! పొగిడి పని చేయించుకోవడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఒళ్లు మండిపోయింది. అయినా తెల్లవారితే లోయ చూస్తాం కదా అని నోరు మూసుకున్నాను.

మా టెంట్ల నుంచి లోయ అంచుకు కొద్దిపాటి నడక, కాస్త ఎత్తు. చీకటితోనే లేచి, బూట్లు వేసుకుని, స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని బయటికి వచ్చాను. ట్రిప్ పెట్టినతను నెత్తికి లైటు కట్టుకుని ఎదురొచ్చి ఎంతో ఆప్యాయంగా చెప్పాడు.

"మీరెందుకు పరేషాన్ అయితరు ఆంటీ? పైకి ఎక్కుడు మీతోని కాదు, మోకాళ్లు నొస్తయ్. మేం వచ్చేసరికి ఇంత ఉప్మా చేసి పెట్టున్రి, చాలు. వీడియో తీస్కొస్తం."

వీడియో! నేను అంత దూరం వచ్చింది అతని ఫోన్‌లో సూర్యుణ్ని చూడటానికా? ప్రతి శనివారం కొండెక్కి దిగే నా మోకాళ్ల సంగతి అతనికెవరు చెప్పారు? నేను నోరు తెరిచేలోపు అందరూ వెళ్లిపోయారు. బల్ల మీద రవ్వ పొట్లం, ఉల్లిపాయలు, గరిటె నాకోసం వరసగా పేర్చి మరీ వెళ్లారు. అది చూసేసరికి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపం తన్నుకొచ్చింది. పొట్లం ముట్టుకోకుండా వాళ్ల వెనకే నడిచాను.

వాళ్లు దారిలో సెల్ఫీలకు ఆగారు. నేను ఆగలేదు. అంచు దగ్గరికి అందరికంటే ముందు చేరాను. కింద లెక్కలేనన్ని ఎర్ర రాతి స్తంభాలు, ఒక్కొక్కటే కొసన నిప్పంటుకున్నట్టు వెలుగుతూ వచ్చాయి. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని చూశాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

తిరిగొచ్చాక అందరూ ఆకలితో బల్ల చుట్టూ చేరారు. అతను నా మొహం ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుని, గరిటె తీసి ఆ విజయవాడ పిల్ల చేతికిచ్చాడు.

"చెల్లే, జర ఉప్మా సంగతి చూడు."

చూశారా? ఆంటీ కుదరకపోతే చెల్లి. అక్కడ నలుగురు మగవాళ్లున్నారు, ఒక్కడికీ గరిటె పట్టాలని తోచలేదు. ఆ పిల్ల గరిటె పట్టుకుని బిత్తరపోయి నా వైపు చూసింది. నేను వెళ్లి, దాని చేతిలోంచి గరిటె తీసుకుని, అతని చేతిలో పెట్టాను.

"మీరు చేయండి అంకుల్," అన్నాను. "మీ చేతి వంట మేమింకా తినలేదు."

అతని రెండో చెయ్యి దానంతటదే నెత్తి మీదికి, జుట్టు ఉండాల్సిన చోటికి వెళ్లింది. అప్పుడు ఆ పిల్ల ఎంతో మర్యాదగా అందుకుంది.

"రవ్వ ముందు వేయించుకోవాలట, అంకుల్."