లిందాల్వాకి అర్థమైతేనే జ్యూస్

బ్రెజిల్ అడవిలో మా ఏటి పొడుగునా ఉన్న బళ్ళలో వంటమనుషులకేం కొదవలేదు. పిల్లల చేత లెక్కలు చేయించే వంటమనిషి మాత్రం, మేం దోనా అని గౌరవంగా పిలిచే లిందాల్వా ఒక్కతే. ఆమె చదివింది నాలుగో తరగతి. నూట నలభై మందికి అన్నం, చిక్కుడుగింజలు వండేది. కొలతపాత్ర ముట్టుకునేది కాదు, అయినా ఏ రోజూ ఒక్క పళ్ళెం తగ్గిందీ లేదు, గిన్నె అడుగున మిగిలిందీ లేదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని ఊళ్ళో అనేవాళ్ళు. "పేగులెవడిక్కావాలి, నేను లెక్కపెట్టేది పళ్ళేలు" అని ఆమె విసుక్కునేది.

ఆమెకి ఈ లెక్కల పిచ్చి పట్టడానికి కారణం పొయ్యి. పట్నం నుంచి వచ్చిన ఒక పంతులు, దేశమంతా జరిగే గణిత పోటీ పాత ప్రశ్నపత్రాలు కట్టలు కట్టలుగా తెచ్చి బీరువాలో పెట్టాడు. దోమలకి తట్టుకోలేక ఏడాది తిరక్కుండానే బదిలీ చేయించుకుని పోయాడు. పత్రాలు పొయ్యి రాజెయ్యడానికని వంటింట్లోకి వచ్చాయి. లిందాల్వా ఒక కాగితం చింపబోతూ చదివింది. మెట్లెక్కే కప్ప ఒకటి, పగలు మూడు మెట్లు ఎక్కుతుందట, రాత్రి రెండు మెట్లు జారుతుందట. ఆ కప్ప పైకి చేరేసరికి చిక్కుడుగింజలు అడుగంటాయి. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆమె గింజలు మాడ్చింది ఆ ఒక్క రోజే.

ఆ వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక ఐదుగురు పిల్లల్ని వంటింట్లో కూర్చోబెట్టింది. పెద్ద బిందెడు కుపువాసు పండు జ్యూస్ కలిపి, గరిటె చేత్తో పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఒకే ఒక్క రూలు పెట్టింది.

"జవాబు నాకొద్దు. ఎలా వచ్చిందో చెప్పాలి. నేను నాలుగో క్లాసు దాన్ని, నాకు అర్థమైతేనే జ్యూస్."

పిల్లలు మొదట నవ్వుకున్నారు. తర్వాత తెలిసింది, ఈమెకి అర్థమయ్యేలా చెప్పడం ఎంత కష్టమో. మధ్యలో ఒక మెట్టు ఎగరగొడితే గరిటె బిందె మీద టంగుమని మోగేది. "ఇక్కణ్ణించి అక్కడికి ఎలా దూకావ్? కప్పవా?" అనేది. వంటింటి గోడకి పెట్టిన బోర్డు దగ్గరికి మాత్రం తను ఎప్పుడూ వెళ్ళలేదు. ఎవరైనా సుద్దముక్క చేతికిస్తే, "నా చేతులు నూనె చేతులు" అని దులిపేసుకునేది.

ఆ నూనె వెనక ఒక కథ ఉంది. పదకొండేళ్ళప్పుడు పెద్ద బడిలో చేరే పరీక్ష రాయడానికి వాళ్ళ నాన్న ఆమెని పడవలో పట్నం తీసుకెళ్ళాడు. ఎండాకాలం, ఏరు ఎండి పడవ ఇసుకమేట ఎక్కింది. వాళ్ళు వెళ్ళేసరికి తలుపు మూసేశారు. తలుపు దగ్గరాయన తల అడ్డంగా ఊపాడు, అంతే. వెనక్కి వచ్చి అమ్మ పక్కన పొయ్యి ముందు కూర్చున్న పిల్ల మళ్ళీ లేవలేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు గానీ, మా ఏటి మీద దాగే సంగతులు ఏముంటాయి?

రెండువేల పదిలో ఆ ఐదుగురూ ఆ గణిత పోటీలో మొదటి పరీక్ష దాటారు. రెండోది సెప్టెంబరులో, శనివారం, పట్నంలో. వాళ్ళలో తైనారా అని ఒక పిల్ల ఉంది. పదకొండేళ్ళు. నోట్లో నాలుక లేదు. జవాబు అందరికంటే ముందు చెప్పేది, ఎలా వచ్చిందంటే నేల చూపులు చూసేది. చాలా ఆదివారాలు జ్యూస్ లేకుండానే ఇంటికి పోయింది. ఆ పోటీలో జవాబు ఒక్కటే రాస్తే సున్నా పెడతారు, దారి కూడా రాయాలి. లిందాల్వాకి ఈ పిల్ల గురించే బెంగ.

ఇక్కడ గడియారాల గొడవ ఒకటి చెప్పాలి. అంతకు రెండేళ్ళ ముందు సర్కారు మా ఆక్రి రాష్ట్రం మొత్తానికి గడియారాన్ని గంట ముందుకి జరిపింది. అప్పటిదాకా రాజధాని బ్రెజీలియాకి రెండు గంటలు వెనకున్న వాళ్ళం, ఇప్పుడు ఒక్క గంటే వెనక ఉన్నాం. పట్నం, రేడియో, బడి కొత్త టైముకి మారాయి. ఏటి మీద సగం ఇళ్ళు మారలేదు. లిందాల్వా మొగుడు అదల్సీను అసలే పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. "సూర్యుడికి కాగితం పంపారా మరి? ఆయన మారితే నేనూ మారతా" అని తన వాచీని పాత టైములోనే ఉంచాడు. పడవ అతనిది. పడవ ఎక్కితే టైము కూడా అతనిదే.

పరీక్ష కాగితం మీద బ్రెజీలియా టైము రెండున్నర అని ఉంది. లిందాల్వా వేళ్ళు మడిచింది. గంట తీసేస్తే ఒకటిన్నర. "ఒకటిన్నరకి తలుపు మూస్తారు. మనం ఒంటిగంటకల్లా అక్కడుండాలి" అని మొగుడికి చెప్పింది. తెల్లారి ఆరున్నరకి బయలుదేరడం, పదింటికి ఏటి మలుపులో జెనైదా వదిన ఇంట్లో ఆగి భోంచెయ్యడం, కాస్త నడుం వాల్చి మళ్ళీ పడవెక్కడం. చేపల పులుసు పెడతానని వదిన కబురు కూడా పంపింది.

దారంతా పాటలే. కెలియాని అనే పిల్ల అదల్సీనుని ఆటపట్టించింది.

"మామా, నీ వాచీకి ముసలితనం వచ్చిందా, నీకొచ్చిందా?"

"నా వాచీ మీ అమ్మ కంటే ముందు పుట్టిందే! మర్యాదగా మాట్లాడు."

పదింటికి జెనైదా ఇంటి రేవులో పడవ ఆగింది. పులుసు వాసన రేవుదాకా వచ్చింది. అందరూ దిగారు. తైనారా దిగలేదు.

"దిగవే తల్లీ, చల్లారిపోతుంది" అంది లిందాల్వా.

"టైం లేదు" అంది తైనారా.

"మూడున్నర గంటలుంది. దిగు."

"లేదు."

ఆ పిల్ల వరసగా రెండు మాటలు మాట్లాడటం ఎవరూ చూడలేదు. లిందాల్వా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఎలా లేదు? చెప్పు."

తైనారా పడవ అడుగు వైపు చూసింది. అదల్సీను విసుక్కున్నాడు. "ఆకలేస్తుందే నాకు. పిల్లకి పరీక్ష భయం పట్టుకుంది, అంతే."

"నువ్వుండు" అంది లిందాల్వా. పడవలోకి మళ్ళీ ఎక్కి, పిల్ల ఎదురుగా చెక్క మీద కూర్చుంది. "నేను నాలుగో క్లాసు దాన్ని. మెల్లిగా చెప్పు. తొందరేం లేదు."

"తొందరుంది!" అని అరిచింది తైనారా. ఆ అరుపుకి తనే ఉలిక్కిపడింది. గౌను జేబులోంచి మూడు బ్రెజిల్ కాయలు తీసి చెక్క మీద వరసగా పెట్టింది. "ఇది మామ వాచీ. పది. ఇది... వినండి, వదినగారింట్లో రేడియో."

అందరూ చెవులు రిక్కించారు. వాకిట్లో రేడియో పట్నం వార్తలు చెబుతోంది. ఇప్పుడు సమయం పదకొండు గంటలు, అంది.

"రేడియో పదకొండు. ఇది బ్రెజీలియా. రేడియో కంటే గంట ఎక్కువ. పన్నెండు." మూడో కాయ మీద వేలు పెట్టింది. "పరీక్ష ఈ కాయ టైములో రెండున్నరకి. పన్నెండు నుంచి రెండున్నరకి రెండున్నర గంటలే. మీరు ఈ కాయకీ ఈ కాయకీ మధ్య గంట తీశారు. మామ కాయ దాకా రావాలంటే రెండు తియ్యాలి."

లిందాల్వా మూడు కాయల వైపూ చూసింది. వేలుతో ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మొహంలో రంగు పోయింది. తప్పు తనదే. పిల్లల్ని గరిటెతో అదిలించే మనిషి, ఒక మెట్టు తనే ఎగరగొట్టింది. ఆ పాత తలుపు కళ్ళ ముందు కనిపించింది.

"నాకు అర్థమైంది" అంది. లేచి నిలబడి కేక వేసింది. "అందరూ ఎక్కండి! వదినా, పులుసు వచ్చేటప్పుడు!"

"అదేంటే, వడ్డించేశాను!" అని జెనైదా నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆఖరికి పడవ కదులుతుంటే కర్రపెండలం పిండి డబ్బా, వేయించిన అరటికాయ ముక్కలు విసిరినట్టే అందించింది.

"నా వాచీ తప్పంటారా?" అన్నాడు అదల్సీను, మోటారు తాడు లాగుతూ.

"నీ వాచీ కరెక్టే. నా బుర్రే తప్పు. నడుపు!"

గంటన్నర దారి. మామూలప్పుడైతే గంట మిగిలేది. కానీ సెప్టెంబరు ఏరు ఎవరి మాటా వినదు. రెండు చోట్ల పడవ ఇసుకమేట ఎక్కింది. మొదటిసారి అందరూ దిగి తోశారు. రెండోసారి పిల్లల్ని దిగనివ్వలేదు లిందాల్వా. "పెన్సిళ్ళు తడిస్తే చంపేస్తా, కూర్చోండి" అని మొగుడూ తనూ నడుం లోతు నీళ్ళలో దిగి నెట్టారు. యాభై రెండేళ్ళ మనిషి. ఇసుకలో కాలు కూరుకుపోయి ఒక చెప్పు ఏటికి ఇచ్చేసింది. పడవ కదిలేదాకా ఆమె నోట్లోంచి వచ్చిన మాటలు ఆదివారం ప్రార్థనలో వినిపించేవి కావు.

పట్నం రేవు నుంచి బడి దాకా పరుగే. ఒంటి చెప్పుతో ముందు లిందాల్వా, వెనక ఐదుగురు, ఆ వెనక ఆయాసపడుతూ అదల్సీను. గేటు దగ్గర ఒకాయన చేతిలో తాళంతో నిలబడి ఉన్నాడు. గోడ గడియారం ఒంటిగంట ఇరవై ఆరు.

"నాలుగు నిమిషాలుంది. పరిగెత్తండి!" అన్నాడాయన.

పిల్లలు లోపలికి దూరారు. తైనారా ఒక్క క్షణం వెనక్కి తిరిగింది.

"దోనా, అక్కడ కూడా మీకు చెప్పినట్టే రాయనా?"

"నాకు చెప్పినట్టే. ఒక్క మెట్టు కూడా ఎగరగొట్టకు!"

గేటు మూసుకుంది, తాళం పడింది. లిందాల్వా ఆ పక్కనే పేవ్‌మెంటు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అదల్సీను టోపీ తీసి ఆమెకి గాలి విసిరాడు.

"లోపలికెళ్ళారుగా, ఇంకా ఏడుపెందుకే?"

"ఈసారి తలుపు మూస్తే, మనవాళ్ళు లోపలున్నారయ్యా" అంది.

డిసెంబరులో తైనారాకి ప్రశంసాపత్రం వచ్చింది. వంటింట్లో పిండి డ్రమ్ము పైన ఇప్పటికీ ఉంది, నూనె మరకలతో. కానీ మా ఊళ్ళో జనం చెప్పుకునేది ఆ పత్రం గురించి కాదు, పరీక్ష అయిన మర్నాడు ఆదివారం గురించి.

ఆ రోజు లిందాల్వా జ్యూస్ కలిపి తిరిగేసరికి స్టూలు మీద తైనారా కూర్చుని ఉంది. చేతిలో గరిటె.

"దోనా, నిన్న మీరు లెక్క ఎక్కడ తప్పారో నాకు అర్థం కాలేదు. చెప్పండి" అంది.

"నువ్వే కదే నాకు చెప్పింది!"

"మీరు చెప్పాలి. నాకు అర్థమైతేనే జ్యూస్."

మిగతా నలుగురూ నోళ్ళు నొక్కుకున్నారు. లిందాల్వా ఆప్రాన్‌కి చేతులు తుడుచుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు తుడుచుకుంది. తర్వాత వెళ్ళి సుద్దముక్క తీసుకుంది. నాలుగో తరగతి తర్వాత అదే మొదటిసారి. బోర్డు మీద మూడు సున్నాలు గీసింది. రెండోది కాస్త కోడిగుడ్డులా వచ్చింది. పది, పదకొండు, పన్నెండు అని రాసింది. మధ్యలో తడబడింది. టంగుమని గరిటె మోగింది. మొదట్నుంచి మళ్ళీ చెప్పింది. మూడోసారికి ఎక్కడా ఆగకుండా చివరిదాకా చెప్పింది.

తైనారా గరిటెతో మూడు సున్నాలనీ ఒక్కొక్కటే చూపించి లెక్కపెట్టుకుంది.

"అర్థమైంది దోనా" అని, మొదటి గ్లాసు ముంచి ఆమె చేతికిచ్చింది.