కుంటికోడి నడిచిన రోజు

నా చిన్నప్పుడు నా కాలూ ఒక కోడి కాలూ జంటగా అతుక్కున్నాయి. మొన్న ఆంగ్ మో కియో పేటలో మా ఇంట్లో ఈ మాటా, కోడికి కట్టు కట్టిన ఆఫ్రికా ఆయన మాటా చెబితే, మనవడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "ఆఫ్రికా మంత్రగాడా? ఆల్ ఫేక్ లా, తాతా" అన్నాడు ఇక్కడి ఇంగ్లీషు యాసలో. నాకు ఒళ్లు మండింది. బడికి పోకపోయినా దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ణి. తెలియనిదాన్ని ఫేక్ అనమని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

మా నాన్న ఓడలు బాగుచేసే యార్డులో పనిచేసేవాడు. అక్కడ నెలల తరబడి ఆగిపోయిన ఒక ఓడలో ఘనా దేశపు వంటాయన ఉండేవాడు. మా ఇంటి కారం నచ్చి భోజనానికి వస్తుండేవాడు. వాళ్ల వంశమంతా ఎముకలకు కట్లు కట్టేవాళ్లే. వాళ్ల ఊళ్లో మనిషికి కట్టు కట్టి, ఒక కోడి కాలు కూడా విరిచి అలాగే కడతారట. కోడి నడిస్తే మనిషి కట్టు విప్పే వేళ అయినట్టు.

రాంబుటాన్ పండ్ల చెట్టు మీంచి పడి నా మోకాలి కింద ఎముక విరిగింది. ఆస్పత్రికి తీసుకెళితే కాలు తీసేస్తారని మా నాయనమ్మ తలుపుకు అడ్డం నిలబడి, ఆ వంటాయనకే కబురు పెట్టింది. ఆయన వచ్చి ముందు నా కాలివేళ్లు పట్టుకున్నాడు. బొటనవేలి గోరు నొక్కి వదిలాడు. పాలిపోయిన గోటికి రంగు తిరిగి రాలేదు.

"ఇది నా చేతిలోది కాదమ్మా. వేళ్లకు రక్తం అందడంలేదు" అన్నాడు వచ్చీరాని మలయ్‌లో. కాలిని చెక్కకు కట్టి, నన్ను ఎత్తుకుని రోడ్డు మీదికి నడిచాడు. నాయనమ్మ పక్కకు తప్పుకుంది.

ఆస్పత్రిలో డాక్టరు ఎముక సరిచేశాక వేళ్లు వెచ్చబడ్డాయి. కాలు దక్కింది. పిండికట్టు వేసి కదలొద్దన్నారు. అది నా వల్ల అయ్యే పనేనా? వంటాయన కోడి కావాలన్నాడు.

"మా కోడి కాలు విరిస్తే నీ కాలు విరుస్తా" అంది నాయనమ్మ.

ఆయన పగలబడి నవ్వాడు. సైకిలు తగిలి కుంటుతున్న కోడినొకదాన్ని ఎక్కడో వెతికి తెచ్చి, వెదురుపుల్లలతో కట్టు కట్టి నా మంచం పక్క బుట్టలో పెట్టాడు. అది కదిలితే తిట్టేవాణ్ణి. దాన్ని తిట్టి నేనెలా కదులుతాను? చూపించుకోవడానికి వెళ్లినప్పుడల్లా డాక్టరు మొదట కోడి గురించే అడిగేవాడు.

ఒక ఉదయం అది బుట్ట దాటి నడిచింది! మేముండే యార్డు క్వార్టర్సంతా దద్దరిల్లేలా అరిచాను, నా కట్టూ విప్పమని. వంటాయన ఒప్పుకోలేదు. "కోడి తన మాట చెప్పింది. ఎక్స్‌రేని కూడా చెప్పనీ" అన్నాడు. కొన్నాళ్లకు అదీ చెప్పింది. ఆ సాయంత్రం కోడి ముందు, నేను వెనక.

"తర్వాత కూర వండేశారా?" అన్నాడు మనవడు, ఫోన్ పక్కన పెట్టి. మా ఇంట్లో ఎవరికుంది ఆ ధైర్యం!

ఎముకలు కట్టడం నాకు రాదు. కానీ ఇప్పటికీ ఎవరు పడినా, అంబులెన్స్ వచ్చేలోగా నా చెయ్యి ముందు వాళ్ల వేళ్ల మీదికే పోతుంది, వెచ్చగా ఉన్నాయా అని.