మూత తియ్యకూడదు

ఎనభైల మొదట్లో పార్సిప్పనీలో మా రెండో చలికాలం అది. బీఫ్ పక్కటెముకల మాంసం వండే పద్ధతి పక్క అపార్ట్‌మెంట్‌లోని అమెరికన్ పెద్దావిడ చెప్పింది. ముక్కల్ని ఎర్రగా వేయించి, ఉల్లిపాయలూ టమాటాలూ వేసి, నీళ్ళు పోసి, మూతపెట్టి ఒవెన్‌లో సన్నటి వేడి మీద నాలుగు గంటలు వదిలెయ్యాలట. మధ్యలో మూత తియ్యకూడదట. ఆరింటికి భోజనానికి ఆవిడనే పిలిచి, రెండింటికి ఒవెన్‌లో పెట్టాను.

గుంటూరులో మా అమ్మ ఇదే మాంసాన్ని కుక్కర్‌లో పెట్టి విజిళ్ళు లెక్కపెట్టేది. ఉడుకుతున్న సంగతి కుక్కరే అరిచి చెప్పేది. ఈ ఒవెన్ నోరు మెదపదు. కిటికీలో మంచు చూసి రావడం, మూత తీసి గరిటెతో కెలకడం, ఇదే పని. నాలుగున్నరకి కూడా ముక్క రాయిలాగే ఉంది. వేడంతా నేనే పోగొట్టానన్న ఆలోచన రాలేదు కానీ, ఆవిడ మీద మాత్రం ఒళ్ళు మండింది.

"ఇంక టెన్షన్ పడకు, కుక్కర్‌లో పడేసెయ్," అన్నారు మా ఆయన.

ఆరు విజిళ్ళకి మాంసం ఎముకని వదిలేసింది. కుక్కర్ దాచేసి, కూరని మళ్ళీ ఒవెన్ గిన్నెలోకి మార్చాను.

ఆవిడ రెండుసార్లు వడ్డించుకుంది. ఎంతసేపు ఉంచావని అడిగితే, తలెత్తకుండా "నాలుగు గంటలు" అన్నాను. మా ఆయన గ్లాసు చాటున నవ్వుకున్నారు.

వెళ్ళేటప్పుడు ఆవిడ కోటు బొత్తాలు పెట్టుకుంటూ గుమ్మంలో ఆగింది.

"మన మధ్య గోడ చాలా పల్చన," అంది ఇంగ్లీషులో, మెల్లగా. "ఆరే కదా?"