పడమటి కొమ్మన లేని గూళ్ళు

మూర్ఖత్వంలో నాకు సాటి లేరని చెప్పుకోవడానికి ఇన్నేళ్ళూ సరైన రుజువు దొరకలేదు. మొన్న మా చెల్లెలి కూతురు కంప్యూటర్ తెరిచి, ఆ రుజువును నా సంతకంతో సహా నాకే చూపించింది.

అది భవనాల నమూనాలు గీస్తుంది. తిరుమలగిరిలో ఒక బడి గీసే ముందు, ఆ చుట్టుపక్కల ఏ పిట్ట ఎక్కడ గూడు కట్టింది, ఏ పురుగు ఎండకి ఎటు దాక్కుంది అని జనం నమోదు చేసిన సమాచారమంతా వెతికి, వాటి ఉపాయాలు తన గోడలకి పనికొస్తాయేమోనని చూస్తోంది. అందులోకి, నేనూ ఒకప్పుడు ఇదే పని చేసిన పాత ఆఫీసు పుస్తకాలు కూడా ఎవరో పుణ్యాత్ములు ఎక్కించారట.

"మామయ్యా, ఈ వింత చూడు! గిజిగాళ్ళు వానగాలికి చాటని తూర్పు కొమ్మలకి కట్టుకుంటాయి కదా, ఇక్కడ పడమటి కొమ్మకే ఇరవై గూళ్ళు! అంటే అక్కడ పడమటి గాలి మెత్తనన్నమాట. నా కిటికీలన్నీ అటే పెట్టేశా. రాసింది నువ్వే, తెలుసా?"

తెలుసు. తెలియకేం!

ఆ రోజుల్లో రెజిమెంటల్ బజార్‌లో మా ఆఫీసు. మా పెద్ద ఇంజనీరు గారిది ఒక ఆనవాయితీ: ఖాళీ స్థలంలో తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా కూర్చుని, అక్కడ బతికే ప్రతి ప్రాణినీ స్థలం పుస్తకంలో రాశాకే పెన్సిల్ ముట్టుకోవాలి. "మనకంటే ముందు ఎండావానా కాచుకున్న వాళ్ళని అడక్కుండా ఇల్లెలా గీస్తావోయ్?" అనేవారు. కృష్ణా జిల్లా నుంచి కొత్తగా దిగి, డ్రాయింగు బల్ల ముందు నన్ను మించినవాడు లేడనుకునే నాకు, బల్లిని సలహా అడగడం నామోషీ అనిపించింది. నన్ను పంపిన తిరుమలగిరి స్థలం గేటు దగ్గరే వెనక్కి తిరిగితే, కాపలా తాత "గిట్లొచ్చి గట్ల పోతున్నరేంది సారూ, జెర కూసోండి, పిట్టలు గిప్పుడే షురూ జేస్తయి" అన్నాడు. కూర్చున్నాను, రాంగోపాల్‌పేట్ ఇరానీ హోటల్లో. గూడు అల్లడానికి గిజిగాడికి బోలెడు గడ్డి కావాలి. నాకు రెండు కప్పుల చాయ్ చాలింది. ఈగలు తప్ప మరో జీవిని చూడకుండానే పుస్తకం నింపేస్తే, ఇంజనీరు గారు నమ్మి భుజం తట్టారు.

ఇదంతా మేనకోడలికి చెప్పేశాను. అది తిట్టి ఉంటే బాగుండేది. "మరి నిజంగా అక్కడ ఏముండేవి మామయ్యా?" అంది.

తెలియదు. ఆ చెట్టు లేదు, తాత లేడు, ఇంజనీరు గారూ లేరు. అక్కడిప్పుడు అద్దాల భవనం, దాని పడమటి గోడ నిండా ఏసీ డబ్బాలు. ఆ నేలని రోజంతా చూసి రమ్మని ఆయన పంపిన ఒకే ఒక్క మనిషిని నేను. నేను చూడనిది ఇక ఎవరూ, ఎంత వెతికినా, చూడలేరు. అబద్ధాన్ని కొట్టేయొచ్చు గానీ ఆ ఖాళీలో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

అది కిటికీలన్నీ చెరిపి మళ్ళీ మొదలుపెట్టింది. ఇదివరకు ప్రతిదానికీ "అప్పట్లో ఎలా ఉండేది?" అని నన్నే అడిగేది. ఇప్పుడు అడగడం లేదు.

చూడటానికి అంత ఉన్న కాలంలో మేం చాయ్ తాగాం. వీళ్ళేమో మేం సరిగ్గా చూశామనుకుని మా రాతల్లో వెతుక్కుంటున్నారు.

కంప్యూటర్‌లోని ఆ నమోదు కింద ఎవరైనా అభ్యంతరం రాయొచ్చట. నిన్న ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను: "ఇది రాసినవాడు ఆ స్థలంలో ఒక్క పూటైనా కూర్చోలేదు. అతను నాకు బాగా తెలుసు. ఇంకెక్కడ ఏం రాసినా నమ్మకండి."

కింద నా పూర్తి పేరు పెట్టాను.